జేబులో వెలుగు.. పాదాల ముందు పడితేనే మేలు

* సరిహద్దు తాలూకాల్లో కొత్తరకం పాకెట్ టార్చిలు
* అట్టపెట్టె మీద అంకెలకు, పొలంలో పనికి కుదరని పొంతన
* పాముకాటు కాలంలో ఎలాంటి వెలుగు కావాలి?

బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం: బోరుబావికి త్రీఫేజ్ కరెంటు ఎప్పుడొస్తే రైతు లేచేది అప్పుడే. వంతు రాత్రిపూట పడిందంటే నిద్ర సగంలోనే ఆగిపోతుంది. దుప్పటి తీసి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, గోడకు తగిలించిన బ్యాటరీ చేతబట్టుకుని తోటబాట పట్టాల్సిందే. స్టార్టరు పెట్టెదాకా నడక. అక్కణ్నుంచి గట్టు మీదుగా మడవ దాకా నడక. డ్రిప్పు ఉన్నోళ్లకైనా గేటువాల్వు తిప్పడం, ఫిల్టరు కడగడం తప్పవు. ఏడాది పొడవునా పారే నది లేని చిక్కబళ్లాపురం జిల్లాలో సేద్యమంతా బోర్ల మీదే. వెయ్యి అడుగులు దాటిన లోతు నుంచి వచ్చే నీరు కాబట్టి కరెంటు ఉన్న ఒక్క గంటను కూడా వదులుకోలేరు.

రాత్రిపూట బయట తిరిగేది రైతు ఒక్కడే కాదు. పట్టుపురుగులకు చివరి మేత వేసేది పొద్దుపోయాకే. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్‌ను నమ్ముకున్న ఇళ్లలో తట్టల చుట్టూ చీమలు, ఎలుకలు చేరకుండా రాత్రి ఒకసారి చూసుకోవాలి. తెల్లవారకముందే పాల క్యాను పట్టుకుని డైరీకి నడిచేది ఎక్కువగా ఆడవాళ్లే. చింతామణి మార్కెట్‌కు టమోటా పెట్టెలు ఎత్తేదీ, పూలు కోసేదీ చాలామటుకు చీకట్లోనే. వీళ్లందరికీ కావాల్సింది ఒకటే.. చేతిలో ఇమిడే నమ్మకమైన వెలుగు.

ఆ వెలుగు ఇప్పుడు బొటనవేలంత సైజుకు దిగింది. అంగళ్లలోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే కొత్తరకం పాకెట్ టార్చి చొక్కా జేబులో పడుతుంది. ఫోన్ చార్జరుతో చార్జి అవుతుంది. కళ్లు బైర్లు కమ్మేంత వెలుగిస్తుంది. ఇన్ని గుణాలున్నా పొలంలో దిగాక కొన్ని బాగా పనికొస్తున్నాయి, కొన్ని నట్టేట ముంచుతున్నాయి. తేడా ఎక్కడుందో తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది. ఒక్కోసారి ప్రాణమూ మిగులుతుంది.

రెండు సెల్లుల కాలం నుంచి..

మన పల్లెల్లో టార్చిని టార్చి అనేవాళ్లు తక్కువ. ‘బ్యాటరీ’ అనే అంటారు. పాతకాలపు బ్యాటరీ అంటే ఇత్తడి లేదా రేకు గొట్టం, రెండు లావు సెల్లులు, ముందు ఓ చిన్న బల్బు. మూడు సెల్లుల బ్యాటరీ ఉంటే ఊళ్లో దర్జా. వెలుగు తగ్గితే సెల్లులు తీసి ఎండలో పెట్టేవాళ్లు. రెండు మూడు రాత్రులు నెట్టుకొచ్చేవి. పూర్తిగా చచ్చిన సెల్లు పిల్లలపాలు. దాన్ని పగలగొట్టి నల్ల కడ్డీతో గోడల మీద రాసిన తరం ఇంకా మన మధ్యే ఉంది.

ఆ బల్బు ఇచ్చే వెలుగు నేటి లెక్కలో పది, పదిహేను ల్యూమెన్లు. ల్యూమెను అంటే దీపం నుంచి బయటికొచ్చే మొత్తం వెలుగును కొలిచే కొలమానం. సెల్లుల ఖర్చు తీసి పారేసేది కాదు. బల్బు తీగె ఎప్పుడు తెగుతుందో తెలియదు. గొట్టంలో సెల్లు కారితే స్ప్రింగు తుప్పుపట్టి పోయేది.

తర్వాత ప్లాస్టిక్ చార్జింగ్ టార్చి వచ్చింది. లోపల చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ. గోడ ప్లగ్గులో నేరుగా గుచ్చితే చాలు. అయితే రెండు మూడు నెలలు చార్జి పెట్టకుండా అటక మీద పడేస్తే లోపలి పలకలకు సల్ఫేటు పట్టి ఇక లేవదు. ‘నిన్నమొన్న కొన్నదే, అప్పుడే చచ్చిపోయింది’ అని విసుక్కున్న ఇళ్లెన్నో.

2003లో నోకియా 1100 ఫోన్ వచ్చింది. నెత్తిన చిన్న టార్చి. ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడైన ఆ ఫోన్ మన పల్లెల్లోనూ ఇంటింటికీ చేరింది. మాట్లాడేందుకు ఎంత పనికొచ్చిందో, రాత్రి దారి చూసుకునేందుకూ అంతే పనికొచ్చింది. స్మార్ట్‌ఫోన్లు వచ్చాక కూడా అదే అలవాటు కొనసాగుతోంది. కానీ వేల రూపాయల ఫోన్‌ను తడిచేత్తో పట్టుకుని మడవ కట్టడమంటే కత్తిమీద సామే. కాలువలో జారితే అంతే సంగతులు. పైగా ఫోన్ వెలుగు నాలుగడుగులు దాటి పోదు. చార్జి అయిపోతే వెలుగూ పోతుంది, సాయానికి పిలిచే దారీ పోతుంది.

జేబులో రెండు నోబెల్ బహుమతులు

కొత్త టార్చి ఇంత చిన్నదవడానికి కారణాలు రెండు. ఒకటి ఎల్‌ఈడీ. 1990ల మొదట్లో జపాన్‌లో కాంతివంతమైన నీలి ఎల్‌ఈడీ తయారయ్యాకే తెల్లని ఎల్‌ఈడీ దీపం సాధ్యమైంది. అందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. రెండోది లిథియం అయాన్ సెల్లు. 1991లో సోనీ దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. దాని వెనక పనిచేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది.

ఇలాంటి టార్చిల్లో ఎక్కువగా కనిపించే సెల్లు పేరు 18650. అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. బరువు 45 గ్రాముల దరిదాపు. మరీ చిన్న టార్చిల్లో ఇంతకన్నా చిన్న సెల్లు ఉంటుంది. పాత ఇత్తడి బ్యాటరీ సెల్లులతో కలిపి పావుకిలోకు పైమాటే.

మెచ్చుకోవాల్సినవి

మొదటి మేలు సైజే. గోడకు వేలాడే బ్యాటరీని తీసుకెళ్లడం మరిచిపోతాం. జేబులో ఉన్నదాన్ని మరిచిపోం. పెరట్లోకి, దొడ్లోకి, పక్కింటికి ‘ఇంత దూరానికి లైటెందుకులే’ అని పోయే నడకలే ప్రమాదం తెచ్చేవి. అలాంటి పది అడుగుల నడకకు కూడా వెలుగు వెంట ఉండడం చిన్న సంగతి కాదు.

రెండోది, వెలుగును తగ్గించుకునే వీలు. మంచి టార్చిల్లో మూడు నాలుగు స్థాయిలుంటాయి. నూరు ల్యూమెన్ల దగ్గర పెట్టుకుంటే 18650 సెల్లుతో ఏడెనిమిది గంటలు రావాలి. రాత్రి వంతు మొత్తానికి సరిపోతుంది. ఆ నూరే మన పాత రెండు సెల్లుల బ్యాటరీకి ఆరేడింతల వెలుగు.

మూడోది, చార్జింగు ఎక్కడైనా అవుతుంది. ఫోన్ చార్జరు, ట్రాక్టరులోని చార్జింగ్ పాయింటు, పవర్‌బ్యాంకు, చిన్న సోలారు పలక.. ఏదైనా సరే.

నాలుగోది అడుగున అయస్కాంతం. కొన్ని మోడళ్లలోనే ఉంటుంది. స్టార్టరు పెట్టె ఇనుపది కాబట్టి టార్చిని దాని తలుపుకు అతికించి రెండు చేతులతో పని చేసుకోవచ్చు. టార్చిని పళ్ల మధ్య కరిచిపట్టి ఫ్యూజు వేసే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. ఇప్పుడొస్తున్నవి ఎక్కువగా అల్యూమినియం గొట్టాలు. తడికాళ్లతో, నోట్లో లోహంతో కరెంటు పెట్టె ముందు నిలబడడం చావును పిలవడమే. క్లిప్పుతో టోపీకి తగిలించుకునేవి, తలకు కట్టుకునేవి ఈ పనికి ఇంకా మేలు.

మోసం ఎక్కడ?

అసలు తంటా అట్టపెట్టె మీది అంకెలతో. ‘10000 ల్యూమెన్లు’, ‘9800 ఎంఏహెచ్’, ‘2 కిలోమీటర్లు’ అని రంగురంగుల అక్షరాల్లో ఉంటుంది. 18650 సైజు సెల్లులో నేటికీ పట్టేది 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కలే. మంచి కంపెనీలు కూడా అంతకుమించి పెద్దగా పోలేకపోతున్నాయి. ఆ సైజు సెల్లు మీద 9800 అని రాసుంటే అది అబద్ధమని సెల్లే చెబుతున్నట్టు.

ల్యూమెన్ల సంగతీ ఇంతే. ఎల్‌ఈడీ ఒక వాటు కరెంటుకు సుమారు వంద ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే, వెయ్యి ల్యూమెన్లకు పది వాట్లు కావాలి. 2500 ఎంఏహెచ్ సెల్లులో ఉండేదే తొమ్మిది వాట్‌అవర్ల చిల్లర. అంటే నిజంగా వెయ్యి ఇస్తే గంట కూడా రాదు. ఇక పదివేల మాట దేవుడెరుగు. వేడి ఇంకో అడ్డు. బొటనవేలంత గొట్టం అంత వేడిని బయటికి పంపలేదు. అందుకే పేరున్న టార్చిలు సైతం పెద్ద వెలుగును ఒకట్రెండు నిమిషాలు ఇచ్చి, వాటంతట అవే తగ్గిపోతాయి. అది చెడిపోవడం కాదు, కాలిపోకుండా చేసుకున్న ఏర్పాటు. ఈ సంగతి తెలియక అంగడికి వాపసు తెచ్చేవాళ్లూ ఉంటారు.

దూరం లెక్కలోనూ ఓ కిటుకు ఉంది. టార్చిల కొలతలకు అమెరికాలో 2009లో వచ్చిన ఎఫ్‌ఎల్1 అనే ప్రమాణాన్ని పెద్ద కంపెనీలు పాటిస్తాయి. దాని ప్రకారం ‘200 మీటర్లు’ అంటే 200 మీటర్ల దగ్గర పడే వెలుగు పున్నమి వెన్నెలంత. పున్నమి వెన్నెల్లో మనిషి ఆకారం తెలుస్తుందేమో గానీ గడ్డిలో ఏముందో తెలియదు. ‘ఇన్ని గంటలు’ అన్న లెక్క కూడా వెలుగు మొదట్లో ఉన్నదానిలో పదోవంతుకు పడిపోయేదాకా లెక్కగట్టిందే. ప్రమాణం పాటించినవాళ్ల అంకెలనే ఇలా చూసి చదువుకోవాలి. ఏ ప్రమాణమూ లేనివాళ్ల అంకెలను అసలు చదవక్కర్లేదు.

దూరం రెట్టింపు చూడాలంటే వెలుగు నాలుగింతలు కావాలి. అందుకే అంకెలు పెరిగినంతగా కంటికి తేడా కనబడదు.

పాదాల ముందు ఏం పడుతోంది?

రైతుకు దూరం కన్నా దగ్గర ముఖ్యం. ఇక్కడే కొత్త టార్చిల్లో బాగా అమ్ముడయ్యే జూమ్ రకం దెబ్బతీస్తుంది. ముందుభాగం లాగితే వెలుగు సన్నని కడ్డీలా కొబ్బరిచెట్టు కొసదాకా పోతుంది. చూసేందుకు గొప్పే. కానీ నడిచేటప్పుడు అది నేల మీద చిన్న చదరంలా పడి, చుట్టుపక్కలంతా ఇంకా చీకటిగా కనిపిస్తుంది. పాము ఉండేది ఆ చదరం అంచు బయటే కావచ్చు.

పాముకాటు లెక్కలు చూస్తే ఈ మాట ఎందుకో అర్థమవుతుంది. 2020లో వెలువడిన ఓ అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో పోయినవారు సుమారు 12 లక్షలు. ఏటా 58 వేలు. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన పక్కనున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు మధ్యే. అంటే వేరుశనగ, రాగి పైరు మీదున్న రోజుల్లోనే. కర్ణాటక సర్కారు 2024 ఫిబ్రవరిలో పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుల జాబితాలో చేర్చింది. కాటు పడినా, చనిపోయినా ఆసుపత్రులు లెక్క చెప్పాల్సిందే.

మన పొలాల్లో భయపడాల్సింది రక్తపింజరికి. ఎండుటాకుల రంగులో కలిసిపోయి కదలకుండా పడుంటుంది. పక్కకు తప్పుకోదు. బుస కొడుతుంది, అది వినపడేలోపు కాలు పడితే అంతే. నీలిఛాయ కొట్టే చవక ఎల్‌ఈడీ వెలుగులో ఎర్రమట్టి, ఎండుగడ్డి, గోధుమరంగు పాము.. అన్నీ ఒకే బూడిదరంగులో కనిపిస్తాయి. కాస్త పసుపు కలిసిన తెల్లని వెలుగైతే రంగుల తేడా తెలుస్తుంది. అంగట్లో తేడా చూడాలంటే చెయ్యి చాపి అరచేతి మీద వెలుగు వేసి చూడండి. చర్మం చర్మంలాగే కనిపించాలి, పాలిపోయి శవంలా కనిపించకూడదు.

కట్లపాము సంగతి వేరు. అది రాత్రిపూట ఇంట్లోకే వస్తుంది. నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి కూడా పెద్దగా తెలియదు. ఏ టార్చీ దాన్ని ఆపలేదు. మంచం మీద పడుకోవడం, దోమతెరను పరుపు కిందికి దోపుకోవడమే దానికి మందు. అర్ధరాత్రి లేచినప్పుడు కాలు కింద పెట్టేముందు వెలుగు వేసి చూడడం మాత్రం ఎవరైనా చేయగలిగింది. పాకెట్ టార్చి దిండు పక్కన ఉండాలనేది అందుకే.

వెలుగును చూసి పాము పారిపోతుందన్నది అపోహ. నేల అదిరితే దానికి తెలుస్తుంది. కాబట్టి చేతిలో కర్ర, కాళ్లకు గమ్‌బూట్లు టార్చి వచ్చినా మానేసేవి కావు. కాటు పడితే కట్లు బిగించడం, కోయడం, నాటుమందులు వద్దు. కరిచిన కాలు కదలకుండా పెట్టి 108కు ఫోన్ చేయాలి. తాలూకా ఆసుపత్రికి వెంటనే చేరాలి. విషానికి విరుగుడు మందు నాలుగు ప్రధాన విషసర్పాలకూ కలిపి చేసిందే. పామును చంపి తీసుకెళ్లనక్కర్లేదు.

ఇంకొన్ని కష్టాలు

చాలా పాకెట్ టార్చిల్లో సెల్లు లోపలే అతికించి ఉంటుంది. రెండు మూడేళ్లకు సెల్లు బలహీనపడితే టార్చి మొత్తాన్నీ పారేయాల్సిందే. పాత ఇత్తడి బ్యాటరీ తాత నుంచి మనవడి దాకా వచ్చింది. ఇది ఒక తరం కాదు కదా, ఒక బోరు వయసు కూడా ఉండదు. అడుగు మర తిప్పితే సెల్లు బయటికొచ్చే రకం కాస్త లావుగా ఉన్నా అదే నయం.

చార్జింగు రంధ్రం ఇంకో బలహీనత. దానిమీది రబ్బరు మూత ఊడితే నీరు, దుమ్ము లోపలికి పోతాయి. ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాట కాకుండా ఐపీ అంకె చూడాలి. ఐపీఎక్స్4 అంటే చినుకులకు తట్టుకుంటుంది. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా బతుకుతుంది. కాలువగట్టున తిరిగేవాళ్లకు రెండోదే కావాలి. టైప్-సి రంధ్రమున్న చవక టార్చిలు కొన్ని రెండువైపులా టైప్-సి ఉన్న కొత్త వైరుతో చార్జి కావు. పాత చార్జరు వైరుతోనే అవుతాయి. ఇచ్చిన వైరును పోగొట్టుకోకండి.

జేబులో దానంతటదే వెలిగి బట్ట కాలేంత వేడెక్కే ప్రమాదం కూడా ఉంది. స్విచ్చికి లాకు ఉందో లేదో అడగాలి. ఒకే బటన్లో బ్లింకు, ఎస్‌ఓఎస్ అన్నీ కుక్కితే అవసరమైనప్పుడు వెలుగుకు బదులు మిణుకుమిణుకు మొదలవుతుంది. ఎదురొచ్చే బైకు కళ్లలో వేస్తే వాడు గుంతలో పడతాడు. ఇంత వెలుగు చేతికొచ్చిందని కుందేళ్ల వేటకు బయలుదేరితే వన్యప్రాణి చట్టం కింద కేసు తప్పదు.

అంగట్లో అడగాల్సినవి

‘అన్నా, ఎంత దూరం కొడుతుంది?’ అన్నది అందరూ అడిగే మొదటి ప్రశ్న. దాన్ని చివరికి జరపండి. ముందుగా ఇవి అడగండి.

* సెల్లు మార్చుకోవచ్చా? విడిగా ఎక్కడ దొరుకుతుంది?
* తక్కువ వెలుగులో ఎన్ని గంటలొస్తుంది? ఆన్ చేయగానే మొదట వచ్చేది తక్కువ వెలుగేనా?
* వెలుగు వెడల్పుగా పడుతుందా? అంగడి మూలలో నేల మీద వేసి, రెండు అడుగుల ముందు మూడు నాలుగు అడుగుల వెడల్పు కనబడుతోందా చూడండి.
* ఐపీ అంకె ఎంత? గ్యారంటీ బిల్లు ఇస్తారా?
* లిథియం సెల్లు మీద ఐఎస్ 16046 గుర్తు ఉందా? పాత ల్యాప్‌టాప్‌ల నుంచి పీకిన సెల్లులు చవగ్గా వస్తాయి. వాటిజోలికి పోకండి.

ఇంటికొచ్చాక కూడా జాగ్రత్తలున్నాయి. ఉబ్బిన సెల్లును చార్జి పెట్టొద్దు. పట్టుపురుగుల ఇంట్లో, ఎండుగడ్డి పక్కన రాత్రంతా చార్జింగుకు వదలొద్దు. చచ్చిన లిథియం సెల్లును పొయ్యిలో వేస్తే పేలుతుంది. పాత సెల్లులాగా పిల్లల చేతికిచ్చి ఆడుకోమనేది కాదిది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులది, దిగుమతిదారులది. కొన్న అంగడిలో తిరిగి తీసుకుంటారా అని అడగడం మన హక్కు.

మొత్తమ్మీద కొత్త పాకెట్ టార్చి మనకు పనికొచ్చే వస్తువే. మధ్యరకం ధరలో, సెల్లు మార్చుకునే వీలుతో, నిజమైన రెండుమూడు వందల ల్యూమెన్లు ఇచ్చేది దొరికితే పదివేలని రాసుకున్న దానికన్నా వెయ్యి రెట్లు నయం. ఇంట్లో ఒకటే ఉంటే అది మగవాళ్ల వెంట తోటకు పోతుంది. పాల క్యానుతో తెల్లారుజామున రోడ్డెక్కే అమ్మకు, అక్కకు చీకటే మిగులుతుంది. పెద్ద టార్చి ఒకటి కొనే డబ్బుతో చిన్నవి రెండు కొంటే ఇద్దరి కాళ్ల ముందూ వెలుగు ఉంటుంది. పాత బ్యాటరీని మాత్రం అప్పుడే పాత సామాన్లవాడికి వేయకండి. చార్జి పెట్టడం మరిచిన రాత్రి, కరెంటు లేని రాత్రి, పెట్టెలో దాచిన రెండు సెల్లులే దిక్కు.